ముల్లాయన తీసిన కదలని ఫొటో

బజారులో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ముల్లాయన అంటే చాలు, ఎవరైనా దుకాణం చూపిస్తారు. కాటాలు బాగుచేయడం ఆయన పని. ఇనుప కాటాలు, పళ్ళేల త్రాసులు, మందుల షాపుల్లోని బుల్లి త్రాసులు, బంగారం తూచే గాజుపెట్టె త్రాసులు, ఏది మొరాయించినా ఆయన బల్ల ఎక్కవలసిందే. బాగుచేయడం అయ్యాక, ఖాళీ పళ్ళేలను ఒకసారి ఊపి వదిలి, ముల్లు ఊగి ఊగి నడిగీత మీద ఆగేదాకా రెప్ప వేయకుండా చూస్తాడు. అప్పుడు ఎవరు పలకరించినా పలకడు. ముల్లు ఆగాక మాత్రం తనే నవ్వి, వచ్చిన పనేమిటని అడుగుతాడు. ఆ పేరు అలా వచ్చింది, ఆయన కూడా ఏమీ అనుకోలేదు.

వయసు యాభై ఎనిమిది. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి రెండు పళ్ళేలూ సరితూగలేదని చెప్పి తప్పించుకుంటాడు. అసలు సంగతేమిటంటే ఆయన ఎవరినీ అడగలేదు, ఆయన్నీ ఎవరూ అడగలేదు. ఇంట్లో ఆయనకున్న మనిషల్లా అక్క. ఎనిమిదేళ్ళు పెద్దది. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ చుట్టుపక్కల వీధులన్నీ కాళ్ళతోనే కొలిచి ఉత్తరాలు పంచింది కాబట్టి ఆవిడ అందరికీ పోస్టక్క. భర్త పోయాక ఆవిడ తమ్ముడింటికి వచ్చిందా, తమ్ముడే ఆవిడ పంచన చేరాడా అన్నది ఇద్దరిమధ్యా ఇప్పటికీ తెగని తగువు.

రోజూ సాయంత్రం ఏడున్నరకి అక్కా తమ్ముడూ డాబా ఎక్కేవాళ్ళు. అక్కడ ఒక టెలిస్కోపు ఉంది. ఒక కాలేజీ మూతపడినప్పుడు సామానంతా తుక్కు కింద పోతుంటే, ఇద్దరూ వెళ్ళి ముచ్చటపడి తెచ్చుకున్నది. గొట్టం సొట్టలు పడింది కానీ అద్దాలు మంచివి. నక్షత్రం జరిగేకొద్దీ దాని వెంట గొట్టాన్ని తిప్పే చిన్న మోటారు కూడా ఉంది. ఏ చుక్కను చూడాలో తేల్చేది అక్క, మరలు తిప్పేది తమ్ముడు. ఒక గంట చూసి, దిగి, పడుకునేవాళ్ళు. ఇద్దరి జీవితంలోనూ విలాసం అంటే అదొక్కటే.

అలాంటిది, ఒకరోజు పోస్టక్క వాకిట్లో తడిమీద కాలు జారి పడింది. తుంటి విరిగింది. ఆపరేషను చేసి లోపల రేకు వేశారు. రేకు వేసిన డాక్టరు ముల్లాయన్ని పక్కకు పిలిచి చెప్పిన మాట ఒకటే: మూడు నెలల్లోపు నడక మొదలుపెట్టాలి, లేకపోతే కండ ఎండిపోతుంది, ఆ తర్వాత ఆవిడ నడుద్దామనుకున్నా కాలు మాట వినదు.

నడక మొదలైంది కూడా. కసరత్తులు చేయించే అమ్మాయి ఒకతె వచ్చి, నాలుగు కాళ్ళ వాకరు చేతికిచ్చి, గాలి తగులుతుందని వీధిలోకి తీసుకెళ్ళింది. పది అడుగుల్లో అక్క మోకాలు మడతపడింది. నడివీధిలో చతికిలపడింది. నలుగురు వచ్చి లేవనెత్తారు. ఆ నలుగురి ఇళ్ళకూ ఆవిడ ఉత్తరాలు ఇచ్చింది. పెళ్ళి కబుర్లు, ఉద్యోగాల కబుర్లు, చావు కబుర్లు అన్నీ ఆవిడ చేతిమీదుగానే వెళ్ళాయి. ఇప్పుడు ఆవిడ చంకల కింద చేతులు పెట్టి లేపుతూ, పాపం, పాపం అన్నారు.

ఇంట్లోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాక ఆవిడ వాకరును మడిపించి మంచం కిందికి తోయించింది. ఆ అమ్మాయిని రేపటినుంచి రావద్దంది. తమ్ముడు బతిమాలాడు, కోప్పడ్డాడు, ఒకపూట అన్నం మానేసి చూశాడు.

"ముప్పై ఒక్క ఏళ్ళు నడిచాన్రా. నా వాటా అయిపోయింది. నన్నొదిలెయ్," అంది అక్క.

పొద్దున మంచం మీంచి కుర్చీకి, కుర్చీలోంచి బాత్రూముకి, ఆ నాలుగు అడుగులూ తమ్ముడి భుజం మీద బరువంతా వేసి నడిచేది. పగలు ఆయన దుకాణానికి వెళ్తే ఎదురింటావిడ వచ్చి కూర్చునేది, ఏడింటికి ఆయన రాగానే వెళ్ళిపోయేది. ఇలా ఒక నెల గడిచింది. ముల్లాయనకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. త్రాసు మొరాయిస్తే ఎక్కడ పట్టాలో ఆయనకి తెలుసు, మనిషి మొరాయిస్తే ఎక్కడ పట్టాలో తెలియదు.

ఒకరోజు అన్నం తింటూ, డాబా మీదికి తీసుకెళ్తాను, ఎత్తుకునైనా సరే, అన్నాడు. ఎత్తుకోవడం అనేసరికి అక్క చూసిన చూపుకి ఎత్తిన ముద్ద మళ్ళీ కంచంలో పెట్టేశాడు. తర్వాత ఆవిడే, ఆ జంట చుక్క ఇప్పుడు పైకి వచ్చి ఉంటుంది కదూ అంది. మామూలు కంటికి ఒకటే చుక్క అది. టెలిస్కోపులో చూస్తే రెండు, పసుపుది ఒకటి, నీలంది ఒకటి, పక్కపక్కన. ఆవిడకి ఆకాశంలో అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

"ఫొటో తీసి చూపిస్తా. చూస్తే నువ్వే పైకి వస్తానంటావు," అన్నాడు.

"రెండూ విడివిడిగా, నదురుగా కనపడేట్టు తియ్యి. అప్పుడు ఆలోచిస్తా."

పీడ వదిలించుకోవడానికి అన్నమాట అది. ముల్లాయన మాత్రం దాన్ని సర్కారు ముద్ర వేసిన తూకపురాయిలా భద్రపరచుకున్నాడు. ఫొటో బాగా వస్తే అక్క లేస్తుంది. లెక్క తేలిపోయింది. ఇంక చేతిలో ఉన్నవి రెండు నెలలు.

మర్నాడే ఫొటో స్టూడియో ఆయన దగ్గర ఒక పాత కెమెరా అడిగి తెచ్చాడు. ఆయనదీ ముల్లాయనదీ ఇరవై ఏళ్ళ స్నేహం. టెలిస్కోపు వెనక కెమెరా తగిలించి, మీట నొక్కి, ఫొటో చూసుకుని తెల్లబోయాడు. పసుపు చుక్క లేదు, నీలం చుక్క లేదు. వానపాము ఒకటి ఉంది.

స్టూడియో ఆయన నవ్వి, వేలితో నొక్కితే కదలదా మరి అన్నాడు. నొక్కిన పది సెకన్లకి తనంత తనే తీసేటట్టు కెమెరాను ఎలా మార్చాలో చూపించాడు. ఈసారి వానపాము రాలేదు కానీ ఒక్కో చుక్క రెండుగా వచ్చింది. అంటే మొత్తం నాలుగు. కెమెరా లోపల ఒక అద్దం ఉంటుందనీ, ఫొటో తీసే క్షణంలో అది టప్పున పైకి లేస్తుందనీ, ఆ దెబ్బకి గొట్టం అదురుతుందనీ స్టూడియో ఆయన చెప్పాడు. ఆ అద్దాన్ని ముందే లేపి ఉంచే ఏర్పాటు ఉంది. అదీ చేశారు. ఒకసారి మూడు చుక్కలు వచ్చాయి, ఇంకోసారి ఐదు.

ముల్లాయనకి బుర్ర తిరిగిపోయింది. ఇన్నేళ్ళుగా కంటితో చూసిన జంట అసలు జంటేనా, లేక తన గొట్టం వణుకు వల్ల ఒంటి చుక్కే జంటగా కనపడుతూ వచ్చిందా అని కూడా ఒకరాత్రి అనుమానం వచ్చింది. పక్కనున్న మామూలు చుక్కకి గురిపెట్టి ఫొటో తీశాడు. అదీ జంటే అని వచ్చింది. తమాషా ఏమిటంటే మరుసటి ఫొటోలో అదే చుక్క చక్కగా ఒంటిగా వచ్చింది. కదులుతుంటే కదలాలి, కదలకపోతే మానాలి. ఒక ఫొటోలో కదిలి, ఇంకో ఫొటోలో కదలకపోవడం ఏమిటి? అలాంటి కాటా ఎవరైనా తెస్తే ఆయన ముందు ఆ దుకాణదారుణ్ణే అనుమానించేవాడు.

ఇక మొదలయింది. స్టాండు మరలన్నీ బిగించాడు. ఎక్కువ బిగించి ఒక మర విరగ్గొట్టాడు. స్టాండు మధ్యలో ఇసుక సంచి వేలాడదీశాడు. మీట నొక్కడం మానేసి, నల్ల అట్టముక్కను గొట్టం ముందు తాకకుండా పట్టుకుని, కెమెరా తెరుచుకుని అదురు సద్దుమణిగాక అట్ట తీసి, ఐదు లెక్కపెట్టి, మళ్ళీ అడ్డం పెట్టడం నేర్చుకున్నాడు. ఆ పద్ధతి చాలా గొప్పదని స్టూడియో ఆయన చెప్పాడు. గొప్పదే కావచ్చు. వారానికి రెండు ఫొటోలు కాస్త మెరుగ్గా వచ్చాయి, మిగతావన్నీ ఎప్పటిలాగే తగలడ్డాయి.

పక్కింటివాళ్ళ నీళ్ళ మోటారు మీద అనుమానం వచ్చింది. వెళ్ళి, ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా మోటారు వేయవద్దని అడిగాడు. ఎందుకని వాళ్ళడిగితే చుక్కలు కదులుతున్నాయన్నాడు. ఆ ఇంటాయన చాలాసేపు ఈయన మొహంలోకి చూసి, సరేనన్నాడు. మోటారు ఆగింది, చుక్కలు ఆగలేదు. తర్వాత తన చేతుల మీదే అనుమానం వచ్చింది. దుకాణంలో తలుపు దగ్గరికి వేసి, చిమటా పట్టకారుతో అన్నిటికన్నా చిన్న తూకపురాళ్ళను ఒక్కొక్కటీ ఎత్తి, గాల్లో పట్టుకుని చూసుకున్నాడు. చెయ్యి రవంత కూడా వణకలేదు. బతికాననుకున్నాడు, ఆ వెంటనే మళ్ళీ తికమక పట్టుకుంది. మరి కదిలేదేమిటి?

చివరికి తన విద్యనే నమ్ముకున్నాడు. దుకాణంలోంచి బంగారం తూచే గాజుపెట్టె త్రాసును జాగ్రత్తగా మోసుకొచ్చి డాబా మీద స్టాండు పక్కన పెట్టాడు. పెట్టెకి తలుపు ఉంది కాబట్టి గాలి తగలదు. తను దూరంగా స్టూలు మీద కదలకుండా కూర్చుని, టార్చి వెలుగులో ముల్లును చూశాడు. ముల్లు ఊగుతోంది. కాసేపు ఆగుతోంది, మళ్ళీ ఊగుతోంది. అంటే గొట్టం తప్పేమీ లేదు. డాబా స్లాబే అదురుతోంది. స్లాబు అదిరేది కిందనుంచి. కింద ఉన్నది ఫ్రిజ్జు, ఫ్యాను, కుర్చీలోంచి కదలని అక్క.

సహజంగానే ఫ్రిజ్జునూ ఫ్యానునూ పట్టుకున్నాడు. ఆ గంటసేపూ రెండూ ఆపేస్తానని భయపడుతూ చెప్పాడు. ఉక్కపోతలో ఫ్యాను లేకుండా కూర్చోమంటే అక్క ఇంతెత్తున లేస్తుందనుకున్నాడు. ఆవిడ మాత్రం, ఆపుకో నాకేం అంది, అంత సులువుగా ఒప్పుకున్నందుకు ఆయనకి కాస్త బాధ కూడా వేసింది. ఇదివరకు ప్రతిదానికీ పోట్లాడేది, ఇప్పుడు దేనిమీదా ఆశ లేనట్టుంది అనుకున్నాడు. కుర్చీ చేతికి బిగించిన మీటను చూపించి, ఏ అవసరమొచ్చినా నొక్కమని ఎప్పటిలాగే చెప్పాడు. అది నొక్కితే డాబా మీద బెల్లు మోగుతుంది. ఆవిడ ఒక్కసారి కూడా నొక్కలేదు.

ఫ్యాను ఆగింది, ఫ్రిజ్జు ఆగింది. ముల్లు ఊగుతూనే ఉంది.

ఇక స్టూడియో ఆయనే ఒక ఉపాయం చెప్పాడు. చుక్కల వెంట తిప్పే మోటారును ఆపేసి, కెమెరాను రెండు నిమిషాలపాటు తెరిచి ఉంచమన్నాడు. చుక్క తన దారిన తాను జరుగుతూ ఫొటోలో ఒక సన్నటి గీత గీస్తుంది. అదురు లేకపోతే గీత నున్నగా ఉంటుంది, ఉంటే గంట్లు పడతాయి. ఎన్నిసార్లు అదిరిందో, ఎంతెంత సేపటికి అదిరిందో ఆ గీతే చెబుతుంది.

అలా ఒక వారం గీతలు తీశాడు. మొదటిరోజు గీతలో నాలుగు గంట్లు: ఒక పెద్దది, దాని పక్కన చిన్నది, కాసేపు నున్నన, మళ్ళీ ఒక పెద్దది, ఒక చిన్నది. రెండోరోజు ఆరు. నాలుగోరోజు తొమ్మిది. ఇవి దారిన పోయే లారీలు కావు. లారీలకి ఇంత క్రమశిక్షణ ఉండదు. ఆయన గీతల్ని దుకాణంలో బల్ల మీద పరుచుకుని భూతద్దంతో చూస్తూ ఉండిపోయేవాడు. ఒకాయన కాటా తెచ్చి అరగంట నిలబడి, ఇవాళ ముల్లు ఆగేట్టు లేదని వెనక్కి తీసుకుపోయాడు.

ఎనిమిదో రోజు ఒక వింత జరిగింది. మొదటి గీతలో ఎప్పటిలాగే గంట్లు పడుతూ పడుతూ, మధ్యలో ఒకచోట కోరపన్నంత పెద్ద గంటు పడింది. ఆ తర్వాత గీత చివరిదాకా దారం లాగినట్టు నున్నగా ఉంది. రెండో గీత మొత్తం నున్నన. గాజుపెట్టెలో ముల్లు నడిగీత మీద నిలిచిపోయింది. ముల్లాయనకి చెప్పలేనంత సంతోషం కలిగింది. అదేదో తగిలి తెగిపోయింది, పీడ విరగడైంది అనుకుని, చకచకా మోటారు వేసి, జంట చుక్కకి గురిపెట్టి, అట్ట తీసి, ఐదు లెక్కపెట్టి, అట్ట పెట్టాడు. ఫొటోలో రెండు చుక్కలు. పసుపుది పసుపుగా, నీలంది నీలంగా, మధ్య నల్లటి ఖాళీ. అలాంటివే పదకొండు తీశాడు. ఎనిమిదిన్నర దాటి పావుగంట అయినా దిగబుద్ధి కాలేదు.

ఒక్క అంగలో రెండు మెట్లు దిగుతూ వచ్చి, కెమెరా అక్క మొహం ముందు పెట్టాడు. ఆవిడ కుర్చీలో కూర్చుని ఉంది. భుజాల మీదుగా దుప్పటి కప్పుకుని ఉంది. మొహం పాలిపోయినట్టుంటే ఫ్యాను లేక ఉడికిపోయిందనుకుని గబగబా ఫ్యాను వేశాడు. ఆవిడ ఫొటోను చాలాసేపు చూసింది.

"బాగుందిరా," అంది.  పైకి వచ్చే మాట ఎత్తలేదు.

మరో మూడు రోజులు అదురు లేదు. ఆ మూడు రోజులూ ఆయన ఫొటోల మీద ఫొటోలు తీశాడు. ఆ ఎనిమిదో రోజు ఫొటోని స్టూడియోలో పెద్దదిగా వేయించి, ఫ్రేము కట్టించి, అక్క కుర్చీకి ఎదురుగా గోడకి కొట్టాడు. లేచినప్పటినుంచి పడుకునేదాకా ఆవిడ కళ్ళముందు అదే. ఆవిడ దాన్ని చూసేది, చూపు తిప్పుకునేది. ఆయన లెక్క తప్పింది. ఫొటో బాగా వచ్చింది, అక్క లేవలేదు. రెండు నెలలు దాటిపోయాయి, ఇంకా ఇరవై మూడు రోజులే ఉన్నాయి.

నాలుగో రోజు మళ్ళీ ముల్లు ఊగింది. చిన్నగా, బెదురు బెదురుగా, రెండు గంట్లు. ముల్లాయన తల పట్టుకున్నాడు. స్టూడియో ఆయన కూడా విసుగెత్తి, ఇక స్టాండు కాళ్ళ కింద మందపాటి రబ్బరు బిళ్ళలు పెట్టు, అంతకుమించి నాకు తెలిసింది లేదు అనేశాడు.

ఆ మర్నాడు ఆదివారం. దుకాణం లేదు. అక్క మధ్యాహ్నం కుర్చీలోనే కునుకు తీస్తోంది. రబ్బరు ఎక్కడ దొరుకుతుందా అని ఇల్లంతా చూస్తుంటే ఆయనకి మంచం కింది వాకరు గుర్తొచ్చింది. దాని నాలుగు కాళ్ళకీ దిట్టమైన రబ్బరు తొడుగులున్నాయి. ఒక్కరోజు, అదీ పది అడుగులు వాడి పారేసిన వస్తువు. కొత్తవి కొత్తగానే ఉంటాయి, ఎవరికి పనికొస్తాయిక అనుకుని, అలా అనుకున్నందుకు తనను తానే తిట్టుకుని, నేలమీద బోర్లా పడుకుని దాన్ని బయటికి లాగాడు.

మడతపెట్టిన వాకరు మీద దుమ్ము లేదు. ఒక తొడుగు ఊడదీసి వేళ్ళతో తిప్పాడు. తుప్పు, అరుగుదల, ఇవి ఆయన రోజూ చూసేవే. త్రాసు దండె ఆనే కత్తి అంచును ఎన్నేళ్ళు వాడారో, ఏ పక్క బరువు ఎక్కువ పడిందో వేలితో తడిమి చెప్పగలడు. తొడుగు అడుగున ఉండవలసిన గాట్లు లేవు. కుడివైపు రెండూ నున్నగా అరిగిపోయాయి. ఎడమవైపువి ఇంకా అధ్వాన్నం, ఒకదానికి లోపలి ఇనుము కనపడుతోంది.

ఆయనకి మొదట అర్థం కాలేదు. కంపెనీవాళ్ళు పాతది అంటగట్టారా అనుకున్నాడు. ఎదురింటావిడ ఎక్కడికైనా పట్టుకెళ్ళి వాడుకుందా అనుకున్నాడు. ఆవిడ కాళ్ళు దుక్కల్లా ఉన్నాయి కదా అని కూడా అనుకున్నాడు. అలా ఆ రబ్బరును చేతిలో తిప్పుతూ తిప్పుతూ ఉండగా, ఒక పెద్ద గంటు, దాని పక్కన ఒక చిన్న గంటు గుర్తొచ్చాయి. వాకరు, కాలు. కాసేపు ఊపిరి. మళ్ళీ వాకరు, కాలు.

రోజంతా ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండే ఇంట్లో ఆవిడ ఒంటరిగా ఉండేది ఆ ఒక్క గంటే. పడినా లేచినా చూసేవాళ్ళు లేని గంట. మధ్యలో దిగితే ఫొటో పాడైపోతుందని, బెల్లు మోగితే తప్ప ఎనిమిదిన్నర దాకా దిగనని ఆవిడకి భరోసా ఇచ్చినవాడు తనే. నాలుగు, ఆరు, తొమ్మిది. తను తిట్టుకుంటూ లెక్కపెట్టిన గంట్లన్నీ అక్క అడుగులు. సంతోషంతో ఆయనకి కళ్ళు చెమ్మగిల్లాయి. అక్క నడుస్తోంది.

ఆ సంతోషం ఎంతోసేపు లేదు. కోరపన్నంత గంటు గుర్తొచ్చింది. దాని తర్వాత నున్నటి గీత.  ఆ నున్నటి గీత గీస్తున్నంతసేపూ అక్క నేలమీద పడి ఉంది. తను పైన పదకొండు ఫొటోలు తీశాడు. ఇంకో పావుగంట ఎక్కువ కూడా ఉన్నాడు. ఆ తర్వాత మూడు రోజులు, ఒళ్ళు నొప్పులతో ఆవిడ కదలలేకపోతే, స్లాబు కదలనందుకు తను మురిసిపోయాడు. ఆపైన ఆ ఫొటోని పెద్దది చేయించి ఆవిడ ఎదుటే గోడకి వేలాడదీశాడు. నేలమీద కూర్చునే రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. లోపలినుంచి అక్క దగ్గు వినపడగానే తొడుగును మళ్ళీ కాలికి తొడిగి, వాకరును ఎలా ఉన్నదలా తోసేశాడు.

ఇప్పుడేం చెయ్యాలి? తెలిసిపోయిందని చెబితే ఆవిడ మళ్ళీ మంచం కిందికి తోసేస్తుంది. చెప్పకుండా ఉంటే, మళ్ళీ పడితే? డాబా ఎక్కడం మానేస్తే ఆవిడకి ఆ గంట దక్కదు. ఎక్కితే కింద ఏమవుతుందో తెలియదు. ఎటు తూచినా ముల్లు నిలవలేదు. చివరికి ఏమీ తేలక, అలవాటు ప్రకారం ఏడున్నరకి కెమెరా భుజానికి తగిలించుకుని, అరిగిన తొడుగుల స్థానంలో ఎలాగైనా కొత్తవి వేయాలని మాత్రం అనుకుంటూ పైకి వెళ్ళాడు.

కెమెరాను సంచిలోంచి తీయను కూడా తీయలేదు. గాజుపెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని ముల్లును చూశాడు. చాలాసేపటికి ముల్లు కదిలింది. పెద్దది, చిన్నది. ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. పెద్దది, చిన్నది. పద్నాలుగు దాకా లెక్కపెట్టాడు. కుర్చీ దగ్గరనుంచి నడవ చివరి మెట్ల తలుపు దాకా వచ్చి ఉంటుంది. ఇక వెనక్కి తిరుగుతుంది.

ముల్లు ఆగింది.

వెనక్కి తిరగడానికి కాస్త సమయం పడుతుంది కదా అనుకున్నాడు. ముల్లు కదలలేదు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. జీవితమంతా ముల్లు ఆగడం కోసం కనిపెట్టుకుని కూర్చున్న మనిషి, కదులు, కదులు అని దానికి పైకే చెబుతున్నాడు. వెళ్తే ఆవిడ పరువు పోతుంది. వెళ్ళకపోతే, కోరపన్ను. మూడో నిమిషానికి ఆయన చెప్పులు వదిలేసి మెట్ల వైపు పరిగెత్తాడు.

మెట్ల దీపం వేసి లేదు. టార్చి వెలుగు కింది మెట్ల మీద పడింది. అక్క మూడో మెట్టు మీద కూర్చుని ఉంది. ఒక చెయ్యి ఇనుప కమ్మీని పట్టుకుని ఉంది. వాకరు మెట్ల కింద నిలబడి ఉంది. మెట్లు స్లాబుకి తగలకుండా విడిగా కట్టినవి. వాటిమీద ఎవరు నడిచినా స్లాబుకి తెలియదని ఆయనకి అప్పుడు తట్టింది.

"ఎందుకొచ్చావ్? ఫొటో పాడైపోదూ?" అంది అక్క, ఆయాసపడుతూ.

"ఇవాళ తీయట్లేదక్కా."

"మరి పైనేం చేస్తున్నావ్ ఇంతసేపు?"

 దిగి వచ్చి ఆవిడ పైమెట్టు మీద కూర్చున్నాడు. టార్చి ఆర్పేశాడు. చీకట్లో అయితే అడగగలననిపించింది.

"ఆ రోజు ఎంతసేపు పడి ఉన్నావు?"

 ఎలా తెలిసిందని అక్క అడగలేదు.

"నువ్వు దిగేలోపు కుర్చీ ఎక్కాలి కదా. పాక్కుంటూ వచ్చాను. నయం, నువ్వు ఆలస్యంగా దిగావు."

"పిలిస్తే వచ్చేవాణ్ణి కదా."

"పిలిస్తే అన్నీ వదిలేసి వచ్చేవాడివి. అందుకే పిలవలేదు," అంది. ఆపైన మెల్లగా, "ఫొటో బాగా వచ్చిందిగా," అంది.

ముల్లాయన ఏడ్చాడు. చప్పుడు కాకుండా ఏడవాలని చూశాడు కానీ కుదరలేదు. అక్క ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, అలాగే ఉంచి, ఆయన తెరిపిన పడ్డాక తీసేసింది. ఇంకా ఎన్ని మెట్లున్నాయని అడిగింది. పన్నెండు, ఆ పైన స్లాబు అని చెప్పాడు. చెయ్యి పట్టుకుంటానని లేవబోతే వద్దంది.

"నువ్వు పైకి పో. అటు తిరిగి నుంచో. నువ్వు చూస్తుంటే నాకు కాలు రాదు."

"పడితే పిలవాలి."

"ఈసారి పిలుస్తాలే."

ఆయన పైకి వెళ్ళాడు. గొట్టాన్ని జంట చుక్క వైపు తిప్పి, గాజుపెట్టె పక్కన, మెట్లకి వీపు పెట్టి నిలబడ్డాడు. వెనక కమ్మీని పట్టుకున్న చప్పుడు, ఆ తర్వాత కాలు చప్పుడు. ఒకటి. చాలాసేపు ఏమీ లేదు. రెండు. ఐదో మెట్టు దగ్గర మరీ ఆలస్యమైంది. ఆయన పిడికిళ్ళు బిగించి పక్కింటి నీళ్ళ తొట్టినే చూస్తూ ఉండిపోయాడు. తొమ్మిది. పది. పదకొండో మెట్టు మీద అక్క ఎవరినో తిట్టుకుంది. పన్నెండు.

పదమూడో చప్పుడుకి గాజుపెట్టెలో ముల్లు ఊగింది.